హైదరాబాద్ ఇళ్లలో ఓరియంటల్ లిల్లీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఓరియంటల్ లిల్లీ చలికాలపు పంట. కార్తీకంలో నాటి, శివరాత్రి చుట్టుపక్కల పూలు చూసి, ఉగాదికల్లా పూల సంగతి ముగించుకోవాలి. ఈ లెక్క తప్పితే ఎంత మంచి దుంప కొన్నా, ఎంత ఖరీదైన ఎరువు వేసినా మొగ్గ నిలవదు. కాలం తర్వాత చూసుకోవాల్సింది నీళ్లు. మన బోరు నీళ్లలో ఉండే ఉప్పు, సున్నం ఈ మొక్కకు అస్సలు పడవు. కింది ప్రశ్నల్లో చాలావరకు ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

బజారులో లిల్లీ పేరుతో అమ్మేవన్నీ ఇవేనా?

కావు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కిలోల లెక్కన లిల్లీ అని అమ్మేది నేలసంపెంగ. నర్సరీల్లో రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, పీస్ లిల్లీ, డే లిల్లీ అన్నీ ఆ పేరుతోనే దొరుకుతాయి. వాటికి మన ఎండ, మన నీళ్లు సరిపోతాయి. ఈ పేజీలో చెప్పే పద్ధతులు వాటికి వర్తించవు.

ఓరియంటల్ లిల్లీలు జపాన్‌కు చెందిన లిలియం ఆరాటం, లిలియం స్పెసియోసం లాంటి జాతుల నుంచి పుట్టిన సంకర రకాలు. దుంపను చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. ఉల్లిగడ్డకు ఉండే పొట్టు దీనికి ఉండదు. తెల్లగానో, లేత పసుపుగానో, కొంచెం గులాబీ ఛాయతోనో ఉన్న మందపాటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. అడుగున కండగల వేర్లు ఉంటాయి. పైన పొట్టు లేదు కాబట్టే గాలికి వదిలేస్తే రెండు మూడు రోజుల్లోనే వడలిపోతుంది.

మొదటిసారి పెంచేవాళ్లకు ఏ రకం మంచిది?

గులాబీ, తెలుపు అంచులతో పైకి చూసే 'స్టార్‌గేజర్' అందరికీ తెలిసిన రకం. కాలిఫోర్నియాలో లెస్లీ వుడ్రిఫ్ 1970ల్లో రూపొందించింది. అయితే దీనికి లేత ఆకులు మాడే గుణం ఎక్కువ. గులాబీ రంగులో 'సార్బోన్', తెలుపులో 'సైబీరియా' తేలిగ్గా దొరుకుతాయి, మొదటిసారికి ఇవే మేలు. 'కాసా బ్లాంకా' పువ్వు పెద్దది, అందమైనది. కాకపోతే ఎత్తు పెరిగి పక్కకు వాలుతుంది, కర్ర కట్టక తప్పదు.

ఓటీ రకాలని వేరే ఉంటాయి, ఓరియంటల్‌ను ట్రంపెట్ లిల్లీతో కలిపినవి. 'రోబినా', 'కాంకా డోర్', 'ఎల్లోవీన్' ఈ కోవలోవి. ఇవి వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి, కాడ గట్టిగా ఉంటుంది, వాసన కూడా ఉంటుంది. మన ఊరికి ఓటీ రకాలే ముందు ప్రయత్నించమని చెబుతాం. ఏషియాటిక్ లిల్లీ ఇంకా సులువు, 60 నుంచి 75 రోజుల్లో పూస్తుంది. కానీ దానికి వాసన ఉండదు. సువాసన కోసమే లిల్లీ పెంచాలనుకునేవాళ్లకు అది వెలితిగానే ఉంటుంది.

ఎప్పుడు నాటాలి?

అక్టోబర్ 20 నుంచి డిసెంబర్ 15 వరకు. అన్నిటికన్నా మంచి సమయం నవంబర్ మొదటి మూడు వారాలు.

లెక్క ఇలా చూసుకోండి. ఓరియంటల్ దుంప నాటిన దగ్గర్నుంచి పూయడానికి దాదాపు 90 నుంచి 110 రోజులు పడుతుంది. దీనికి నచ్చేది రాత్రి 12 నుంచి 15 డిగ్రీలు, పగలు 20 నుంచి 25 డిగ్రీలు. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రులు 14, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగలు మాత్రం 28, 29 దాకా పోతుంది. అంటే రాత్రి చల్లదనం ఉచితంగా వస్తుంది, పగటి వేడిని మనం తగ్గించుకోవాలి. నవంబర్ 10న నాటిన దుంప ఫిబ్రవరి మూడో వారానికి విచ్చుకుంటుంది. జనవరిలో నాటితే మొగ్గలు ఏప్రిల్ ఎండలో పడతాయి. అవి చిన్నవిగా, రంగు వెలిసిపోయి వస్తాయి, లేదా విచ్చుకోకుండానే ఎండిపోతాయి. నర్సరీ మేళాల్లో జనవరి చివర, ఫిబ్రవరిలో దుంపలు కనిపించినా చేయి చాచకపోవడమే మంచిది.

ఒకేసారి అన్నీ పూయకుండా విడతలుగా రావాలంటే 15 రోజులకు కొన్ని చొప్పున నాటండి. మిగతావి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి.

దుంపకు చలి ఎందుకు? మామూలుగా నాటితే మొలవదా?

మొలవచ్చు, కానీ వంకర టింకరగా, ఆలస్యంగా, చాలాసార్లు పూత లేకుండా. పూత తర్వాత దుంప నిద్రలోకి వెళ్తుంది. ఆ నిద్ర తీరాలంటే 2 నుంచి 5 డిగ్రీల చల్లదనంలో కనీసం 8 వారాలు తేమగా ఉండాలి. హైదరాబాద్ చలి అందుకు సరిపోదు. నెదర్లాండ్స్ నుంచి వచ్చే దుంపలకు ఆ చలి అక్కడి కోల్డ్ స్టోరేజీలోనే పెడతారు. అందుకే కొనేటప్పుడు 'ప్రీ చిల్డ్' దుంపలేనా అని అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే, దుంప మధ్యలోంచి మొలక కొన తొంగిచూస్తోందో లేదో చూడండి. 1 నుంచి 4 సెంటీమీటర్ల మొలక ఉంటే చలి పూర్తయినట్టే అనుకోవచ్చు.

మంచి దుంపను ఎలా గుర్తుపట్టాలి?

బరువు చూడండి. అరచేతిలో పెట్టుకుంటే సైజుకు తగ్గ బరువుండాలి. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. తడిగా మెత్తగా లోపలికి పోతే కుళ్లు. పొలుసుల కొనలు కాస్త గోధుమ రంగులో ఉన్నా, ఒకటి రెండు పొలుసులు విరిగినా ఫర్వాలేదు. నీలి పచ్చ బూజు పైపైన ఉండి, తుడిస్తే కింద తెల్లగా గట్టిగా ఉంటే అదీ ఫర్వాలేదు. అసలు చూడాల్సింది అడుగు భాగం. వేర్లు పుట్టే ఆ గుండ్రటి పళ్లెం చాక్లెట్ రంగులోకి మారి, గోరు పెడితే ఊడివస్తుంటే అది ఫ్యుజేరియం అనే శిలీంద్రం తెచ్చే కుళ్లు తెగులు. అలాంటి దుంపను మందుతో బాగు చేయలేం. వేర్లను కత్తిరించి అమ్మినవి కూడా వద్దు, ఆ వేర్లే మొదటి వారాల్లో దుంపను నిలబెడతాయి.

సైజును చుట్టుకొలతతో చెబుతారు. 14/16 అంటే 14 నుంచి 16 సెంటీమీటర్లు. ఈ సైజు సాధారణంగా 2 నుంచి 4 మొగ్గలు వేస్తుంది, 18/20 అయితే 5, 6 దాకా. కుండీల్లో పెంచేవాళ్లకు 16/18 చాలు. మరీ పెద్ద దుంపల్లో లేత ఆకులు మాడే సమస్య ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి పెద్దదే గొప్ప అనుకోవద్దు.

ఎలాంటి కుండీ తీసుకోవాలి?

లోతుగా ఉండాలి. వెడల్పు ఎంత ఉన్నా 12 అంగుళాల లోతు లేకపోతే కుదరదు. 12 అంగుళాల కుండీలో 3 దుంపలు, 8 అంగుళాల వెడల్పు కుండీలో ఒకటి.

మట్టి కుండీ అన్నిటికన్నా మేలు. గోడల్లోంచి తేమ ఆవిరవుతూ రంజన్‌లో నీళ్లలా మట్టిని చల్లగా ఉంచుతుంది. నల్లటి ప్లాస్టిక్ కుండీ మధ్యాహ్నం ఎండకు వేడెక్కి వేర్లను ఉడికిస్తుంది. అదే ఉంటే బయట తెల్ల రంగు వేయండి, లేదా గోనె సంచి చుట్టండి. కొత్త సిమెంట్ కుండీ అసలు వద్దు. దానిలోంచి సున్నం కారుతూ మట్టిని క్షారం చేస్తుంది, ఓరియంటల్ లిల్లీకి కావాల్సిందేమో ఆమ్ల గుణం.

మట్టి మిశ్రమం?

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 4 పాళ్లు, జల్లించిన ఎర్రమట్టి 2 పాళ్లు, వర్మీకంపోస్ట్ 2 పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి పలుకులు) లేదా కడిగిన ముతక ఇసుక 2 పాళ్లు. 12 అంగుళాల కుండీకి దాదాపు 50 గ్రాముల వేపపిండి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మన ఎర్రమట్టి, కంపోస్టు కలిపితే చాలాసార్లు 7 దాటుతుంది. అందుకని నాటడానికి నెల ముందే కుండీకి 8 నుంచి 10 గ్రాముల గంధకం పొడి కలిపి, తడిపి, నీడలో ఉంచండి. గంధకాన్ని నేలలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చాలి, దానికి సమయం పడుతుంది. నాటే రోజు కలిపితే ఉపయోగం ఆలస్యంగా వస్తుంది.

కోకోపీట్ విషయంలో శ్రద్ధ పెట్టండి. చౌకగా దొరికే దిమ్మల్లో ఉప్పు బాగా ఉంటుంది. నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి, ఇలా మూడుసార్లు కడగాలి. తర్వాత 10 లీటర్ల నీటికి 50 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి ఒక రాత్రి నానబెట్టి, పిండి, మరోసారి మంచినీళ్లతో కడగండి. ఇలా చేస్తే కోకోపీట్‌లోని సోడియం, పొటాషియం బయటికి పోయి ఆ చోట్లో కాల్షియం చేరుతుంది. లేదంటే మనం వేసే కాల్షియాన్ని కోకోపీటే పట్టేసుకుంటుంది, మొక్కకు అందదు.

పచ్చి పేడ, కట్టెల బూడిద, సున్నం, నల్లరేగడి మట్టి వేయొద్దు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కూడా వద్దు. అందులో ఉండే ఫ్లోరైడ్‌కు లిల్లీ ఆకుల కొనలు మాడతాయి.

నాటే పద్ధతి చెప్పండి.

దుంప రాగానే కవర్ విప్పి నీడలో చల్లగా ఉంచండి. ఫ్రీజ్ చేసినది వస్తే నెమ్మదిగా కరగనివ్వాలి, ఎండలో పెట్టకూడదు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన శిలీంద్రనాశని కలిపి, దుంపలను 20 నిమిషాలు ముంచి నీడలో ఆరనివ్వండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. మందు వద్దనుకుంటే లీటరుకు 10 గ్రాముల ట్రైకోడెర్మా ద్రావణంలో ముంచవచ్చు. రెండూ ఒకేసారి మాత్రం వాడకండి. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, పక్కన వేసిన మందు దాన్నీ చంపేస్తుంది.

కుండీ అడుగున 8 నుంచి 10 సెంటీమీటర్ల మిశ్రమం వేసి, దుంపలను వేర్లు పరిచి, మొలక పైకి ఉండేలా కూర్చోబెట్టండి. దుంప తల మీద 10 నుంచి 12 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. ఈ లోతు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. నేలసంపెంగ, అమరిల్లిస్ అలవాటున్నవాళ్లు దుంపను పైపైన నాటేస్తారు. లిల్లీకి వేర్లు రెండు చోట్ల పుడతాయి. దుంప అడుగున ఉన్నవి మొదటి రెండు మూడు వారాలు నెట్టుకొస్తాయి. ఆ తర్వాత దుంపకు పైన, మట్టిలో ఉన్న కాడ చుట్టూ తెల్లటి కాడ వేర్లు వస్తాయి. ఆపైన మొక్కకు నీళ్లు, ఎరువు ఎక్కువగా అందించేవి ఇవే. లోతు లేకపోతే వీటికి చోటుండదు. మొక్క బతుకుతుంది, కానీ మొగ్గలు ఎండుతాయి.

వెదురు కర్ర కూడా ఇప్పుడే గుచ్చేయండి. తర్వాత గుచ్చితే కంటికి కనపడని దుంపలో దిగుతుంది.

నాటిన తర్వాత వెంటనే ఎండలో పెట్టాలా?

వద్దు. మొదటి 15 నుంచి 20 రోజులు ఇంట్లో ఉన్నవాటిలో అతి చల్లని చోట పెట్టండి. ఉత్తరం వైపు గోడ పక్క, మెట్ల కింద, పార్కింగ్‌లో నీడ, ఏదైనా సరే. మట్టి చల్లగా ఉంటే కాడ వేర్లు బాగా వస్తాయి. వేడిగా ఉంటే మొలక ముందు పరిగెత్తుతుంది, వేర్లు వెనకబడతాయి. ఆ తేడా ఆ రోజు కనపడదు, జనవరిలో మొగ్గలప్పుడు కనపడుతుంది. మొలక మట్టి పైన 5 సెంటీమీటర్లు రాగానే వెలుతురులోకి మార్చండి, ఇంకా ఆలస్యం చేస్తే పాలిపోయి సాగుతుంది.

ఎంత ఎండ కావాలి?

ఉదయం 4 నుంచి 5 గంటలు నేరుగా, పది పదకొండు తర్వాత నీడ. తూర్పు బాల్కనీ దీనికోసమే కట్టినట్టుంటుంది. టెర్రస్ మీదైతే 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి. నెట్ మొక్కకు కనీసం 3, 4 అడుగుల పైన ఉండాలి. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండు ఆకులు, వరిగడ్డి లేదా వేరుశనగ పొట్టు పరిస్తే వేర్ల దగ్గర చల్లగా ఉంటుంది.

పడమటి బాల్కనీ ఒక్కటే ఉంటే నవంబర్ మొదట్లోనే నాటి, నెట్ కట్టి ప్రయత్నించవచ్చు. ఫలితం తూర్పుతో సమానంగా ఉండదు.

నీళ్లు ఎలా, ఎన్నిసార్లు?

వేలు రెండో కణుపు దాకా మట్టిలో పెట్టి చూడండి. చల్లగా తేమగా తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. చలికాలంలో సాధారణంగా 2, 3 రోజులకోసారి, మొగ్గలు పెరిగే ఫిబ్రవరిలో రోజూ. పోసినప్పుడు అడుగు కన్నాల్లోంచి కొంచెం కారేదాకా పోయాలి. ఆ కారే నీళ్లతోనే పేరుకున్న ఉప్పు బయటికి పోతుంది. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. పోసేది పొద్దున్నే, మట్టి మీదే. ఆకుల మీద కాదు.

ఎలాంటి నీళ్లు పోస్తున్నారన్నది ఇంకా పెద్ద విషయం. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ చవకగా దొరుకుతుంది, దానితో చూడండి. 300 పీపీఎం లోపు అయితే నిశ్చింత. 700 దాటిన బోరు నీళ్లు ఈ మొక్కకు వద్దు. జలమండలి నల్లా నీళ్లు సాధారణంగా బోరుకన్నా నయం. వాన నీళ్లు పట్టి దాచుకోగలిగితే అంతకు మించినది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లలో కూడా లవణాలు ఉండవు, వాడవచ్చు. ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లను మాత్రం ఎప్పుడూ పోయకండి. ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండి, వేరే దారి లేకపోతే 10 లీటర్ల బకెట్‌కు 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పోయండి. ఇది సున్నపు గుణాన్ని కొంత తగ్గిస్తుంది. సోడియం ఎక్కువున్న నీళ్లను మాత్రం ఇది బాగు చేయదు.

ఎరువులు?

మొదటి మూడు వారాలు ఏమీ వద్దు, దుంపలో ఉన్న నిల్వ చాలు. ఆ తర్వాత వారానికోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము, మరుసటి వారం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న ఎరువు) లీటరుకు 1 గ్రాము, ఇలా మార్చి మార్చి. రెండూ ఒకే బకెట్‌లో కలపకండి, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుగున పేరుకుంటుంది. మొగ్గలు అంగుళం దాటాక 19:19:19 బదులు 13:0:45 (పొటాషియం నైట్రేట్) ఇవ్వండి. ఎరువు ఎప్పుడూ తడి మట్టికే. ఎక్కువ వేస్తే ఎక్కువ పూలు రావు. ఎన్ని మొగ్గలు వేయాలన్నది చాలావరకు దుంప సైజే నిర్ణయిస్తుంది, మనం చేసేది వాటిని నిలబెట్టడమే.

గులాబీలా కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయా?

రావు. లిల్లీ కాడకు ఒకటే కొన, పూత అంతా ఆ కొనలోనే ఉంటుంది. తుంచినా, పిల్లలు ఆడుతూ విరగ్గొట్టినా, ఉడత కొరికినా ఆ ఏడాది పువ్వు లేనట్టే. అలా జరిగినా మిగిలిన ఆకులను కాపాడండి, దుంపకు తిండి వాటినుంచే.

నేలలో నాటవచ్చా?

ఎర్ర చెలక నేల అయితే, చుట్టూ కంటే 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో మడి కట్టి నాటవచ్చు, దుంపకూ దుంపకూ 20 సెంటీమీటర్ల ఎడం. నల్లరేగడిలో వద్దు. పందికొక్కులు తిరిగే చోట మడి అడుగున, పక్కల కోళ్ల జాలి పరవాలి, వాటికి ఈ దుంప ఇష్టం. అయినా మొదటి ఏడాది కుండీలోనే పెంచండి, ఎండను బట్టి జరుపుకునే వీలుంటుంది.

కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, పీహెచ్ పెరగడంతో వేరు తీసుకోలేకపోవడం వల్ల. ఫెర్రస్ సల్ఫేట్ వేస్తే క్షార నేలలో అదీ వెంటనే పనికిరాకుండా పోతుంది. చిలేటెడ్ ఇనుము (క్షార నేలలోనూ వేరుకు అందే రూపం), ఈడీడీహెచ్ఏ రకం, లీటరుకు అర గ్రాము కలిపి మట్టిలో పోయండి. నీళ్లను నిమ్మ ఉప్పుతో సరిచేయడం మొదలుపెట్టండి. పసుపు కింది ముదురు ఆకుల నుంచి మొదలైతే అది వేరే సంగతి, నత్రజని తక్కువైనా అయ్యుండాలి, వేర్లు కుళ్లుతున్నా అయ్యుండాలి.

మొగ్గలు కనిపించే ముందు కొన దగ్గరి లేత ఆకులు ముడుచుకుని మాడుతున్నాయి. తెగులా?

తెగులు కాదు, కాల్షియం అందకపోవడం. నాటిన 30 నుంచి 40 రోజులకు, కొనలో ఆకులు గుత్తిగా ముడుచుకుని లోపల మొగ్గలు దాగి ఉన్న దశలో వస్తుంది. ముందు లేత ఆకులు లోపలికి వంగుతాయి. ఒకటి రెండు రోజుల్లో వాటి మీద పసుపు తెలుపు మచ్చలు తేలి, తర్వాత గోధుమ రంగులోకి తిరుగుతాయి. తీవ్రమైతే లోపలి మొగ్గలు కూడా పోతాయి.

కాల్షియం మొక్కలో నీటితోపాటే పైకి కదులుతుంది. ఆకులోంచి నీరు ఎంత ఆవిరైతే అంత వస్తుంది. లేత ఆకులు ముడుచుకుని ఉంటాయి కాబట్టి వాటిలోంచి ఆవిరయ్యేది తక్కువ, వాటికి చేరే కాల్షియమూ తక్కువే. రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఒక్కసారిగా ఎండ కాస్తే, లేదా నీడలోని కుండీని ఎండలోకి జరిపితే, బలహీనంగా ఉన్న వేర్లు ఆ వేగాన్ని అందుకోలేవు. అందుకని ఆ రెండు వారాలు కుండీని కదపకండి, మట్టి ఆరనివ్వకండి, మధ్యాహ్నం షేడ్ నెట్ తీయకండి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కానీ కొన బతికి ఉంటే పూలు మామూలుగానే వస్తాయి.

మొగ్గలు రాలిపోతున్నాయి లేదా ఎండిపోతున్నాయి.

మొగ్గ 1, 2 సెంటీమీటర్లు ఉన్నప్పుడు పాలిపోయి, కాడ దగ్గర సన్నబడి రాలితే వెలుతురు చాలలేదు. లోపలి గదిలో, మూసిన బాల్కనీలో పెట్టినవాళ్లకు ఇదే జరుగుతుంది. మొగ్గ పెద్దదయ్యాక చెట్టు మీదే గోధుమ రంగులోకి మారి ఎండితే వేడి, నీటి ఎద్దడి, లేదా వేర్లు సరిగా లేకపోవడం. పండ్ల బుట్ట పక్కన పెట్టినా మొగ్గలు చెడతాయి. మాగే అరటి, మామిడి పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లిల్లీ మొగ్గ చాలా సున్నితం.

మొక్క ఉన్నట్టుండి వాలిపోయింది.

మట్టి తడిగా ఉండి కూడా వాలితే కుళ్లు. వెంటనే నీళ్లు ఆపి, పక్కనుంచి మట్టి తొలిచి దుంపను చూడండి. మెత్తబడి వాసన వస్తుంటే తీసేయండి, ఆ మట్టిని వేరే లిల్లీకి వాడకండి. పై పొలుసులకే పరిమితమైతే వాటిని తుంచి, ముందు చెప్పిన మందులో ముంచి, కొత్త పొడి మిశ్రమంలో నాటవచ్చు. అక్టోబర్, నవంబర్‌లో తుఫాను ముసురు పట్టినప్పుడు కుండీలను స్లాబ్ కిందికి జరిపితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

పురుగులు ఏవి వస్తాయి?

ముఖ్యంగా పేనుబంక. కొన దగ్గర, మొగ్గల అడుగున పచ్చగా గుంపుగా చేరి రసం పీలుస్తుంది. మొగ్గలు వంకరపోతాయి. అంతకన్నా చెడ్డది, ఇది వైరస్‌ను మోసుకొస్తుంది. మొదట్లోనే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి. తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. తగ్గకపోతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం, లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. ఇది తేనెటీగలకు విషం, పూలు విచ్చుకున్నాక కొట్టకూడదు. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ చారలు వచ్చి మొక్క గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు, దుంపతో సహా తీసి పారేయాలి.

పొగమంచు పట్టే జనవరి ఉదయాల్లో ఆకుల మీద గుండ్రటి గోధుమ మచ్చలు వస్తే బూడిద బూజు. కుండీల మధ్య గాలి ఆడేలా ఎడం పెంచి, మచ్చపడ్డ ఆకులు తీసేయండి.

పుప్పొడి మరకలు ఎలా పోతాయి?

రాకుండా చూడటమే మంచిది. పువ్వు విచ్చుకున్న మొదటి గంటల్లో కేసరాల చివర్లు నున్నగా, గట్టిగా, మూసుకుని ఉంటాయి. అప్పుడు టిష్యూ కాగితంతో పట్టుకుని లాగితే ఆరూ శుభ్రంగా ఊడివస్తాయి. మరుసటి రోజుకు అవి పగిలి ఇటుక రంగు పొడి రాలుస్తాయి. బట్ట మీద పడితే రుద్దకండి, తడపకండి. ఆరినదాన్ని దులిపి, సెలో టేపుతో అద్ది తీసి, ఎండలో ఆరేయండి.

ఇంట్లో పిల్లి ఉంది. పెంచవచ్చా?

పెంచకండి. ఈ ఒక్క విషయంలో రాజీ లేదు. లిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి, ఫ్లవర్ వాజ్‌లోని నీళ్లు అన్నీ పిల్లికి ప్రాణాంతకం. ఒళ్లు నాకేటప్పుడు బొచ్చు మీద పడ్డ పుప్పొడి లోపలికి వెళ్లినా కిడ్నీలు దెబ్బతింటాయి. తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ గంటలోనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వాంతులు తగ్గి కోలుకున్నట్టు కనిపించినా లోపల నష్టం సాగుతూనే ఉంటుంది. వీధి పిల్లులు తిరిగే మేడ అయితే జాలి కట్టిన బాల్కనీలోనే పెట్టండి. కుక్కలకు కిడ్నీ ముప్పు ఉండదు గానీ తింటే వాంతులవుతాయి.

పువ్వు కోసి గదిలో పెట్టుకోవాలంటే?

అడుగు మొగ్గ ఉబ్బి రంగు తేలగానే పొద్దున్నే కోయండి. కాడలో కనీసం సగం ఆకులతో మొక్కకే వదిలేయాలి. వచ్చే ఏడాదికి దుంప ఉంచుకోవాలనుకుంటే అసలు కాడ కోయకుండా కుండీనే హాల్లోకి తెచ్చుకోండి. వాజ్‌లో నీటిలో మునిగే ఆకులు తీసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చి కాడ చివర కొంచెం కోస్తుంటే 8 నుంచి 10 రోజులు ఉంటుంది. సాయంత్రం వాసన బాగా చిక్కబడుతుంది, తలుపులు మూసిన పడకగదిలో కొందరికి తలనొప్పి తెస్తుంది.

పొలుసులతో కొత్త మొక్కలు చేయవచ్చా?

చేయవచ్చు. బయటి పొలుసులను అడుగుదాకా తుంచి, మందులో ముంచి, తేమ కోకోపీట్‌తో పాలిథిన్ కవర్‌లో 20 నుంచి 25 డిగ్రీల్లో ఉంచితే 6 నుంచి 8 వారాల్లో మొదలు దగ్గర పిల్ల దుంపలు పుడతాయి. వాటికీ చలి పెట్టాలి, పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడు వేసవులను హైదరాబాద్‌లో దాటించడం చాలా కష్టం. నేర్చుకోవడానికి చేయండి, పూల కోసం కాదు.

పూలయ్యాక దుంపను వచ్చే ఏడాదికి కాపాడవచ్చా?

ప్రయత్నించవచ్చు. నిజం చెప్పాలంటే మన దగ్గర రెండో ఏడాది పూలు తగ్గుతాయి, కొన్ని దుంపలు రెండుగా చీలి ఆకులకే పరిమితమవుతాయి. హిమాచల్, కశ్మీర్‌లలోలా ఇక్కడ ఏటా దుంప బలపడదు. ఖచ్చితమైన పూలు కావాలంటే ఏటా కొత్త దుంపలు కొనడమే. కాపాడాలనుకునేవాళ్లు చేయాల్సింది ఇది.

వాడిన పూలను కాయ కట్టకముందే తుంచండి. ఆకులు, కాడ అలాగే ఉంచి, మార్చి అంతా నీడలో పెట్టి, పదిహేను రోజులకోసారి 13:0:45 లీటరుకు 1 గ్రాము ఇవ్వండి. పూలయ్యాక వచ్చే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే దుంప ఖాళీ అయిన నిల్వను నింపుకుంటుంది. ఏప్రిల్, మే ఎండకు ఆకులు పసుపుబడతాయి, అప్పుడు నీళ్లు తగ్గించండి. కాడ పూర్తిగా ఎండాక కుండీని గాలి ఆడే నీడలో, వాన పడని చోట ఉంచండి. మట్టి ఎముకలా ఎండిపోకుండా వారానికోసారి ఒక గ్లాసు నీళ్లు చాలు. జూన్ వానలో తడిస్తే దుంప మిగలదు.

ఆగస్టు మధ్యలో తవ్వి తీయండి. మట్టి దులపండి, కడగకండి, వేర్లు కత్తిరించకండి. మందులో ముంచి ఆరాక, పిడికిట్లో నొక్కితే నీళ్లు కారనంత తేమ ఉన్న కోకోపీట్‌లో పొదిగి, నాలుగైదు కన్నాలు పెట్టిన పాలిథిన్ కవర్‌లో కట్టి, రకం పేరు, తేదీ రాసి ఫ్రిజ్ కూరగాయల అరలో పెట్టండి. అదే అరలో ఆపిల్, అరటి, టమాటా ఉండకూడదు. రెండు వారాలకోసారి కవర్ విప్పి చూసి, మెత్తబడ్డవి ఉంటే ఏరేయండి. 10 నుంచి 12 వారాలకు మొలక కొన కనిపిస్తుంది, అప్పటికి నవంబర్ వచ్చేస్తుంది. పాత మట్టి కాకుండా కొత్త మిశ్రమంలో నాటండి.